గట్టు దిగిన మేస్త్రీ

కాలువలకు నీళ్ళొదిలి, నారు అందుకొచ్చిందంటే చల్లపల్లి చుట్టుపక్కల రైతులు వెతికేది ముఠా మేస్త్రీనే. పదిహేను మందిని ఆటోల్లో ఎక్కించి, తెల్లారేసరికి చేలో దించే మనిషి. దీన్ని కొలువని ఎవరూ అనరు. పదిమంది చేత పని చేయించడం నేర్చుకోవాలంటే మాత్రం ఇంతకన్నా గట్టి బడి నాకు కనపడలేదు.

సుడిదోమ బెడద తగ్గాలంటే ప్రతి రెండు మీటర్లకూ 20 సెంటీమీటర్ల కాలిబాట వదిలి నాటమంటారు వ్యవసాయాధికారులు. ఎకరానికి ఇంతని గుత్తకు దిగిన ముఠాకు అది చికాకు. తాడు జరపాలి, పని సాగదు. గట్టు మీద నుంచి కేకలేస్తే మూడు బాటలతో సరిపెడతారు. మేస్త్రీ మీరైతే, మీరే బురదలో దిగి తాడు కొస పట్టుకోండి. "దోమ పడితే కోతల్లో మనకే పనుండదక్కా" అని చెప్పండి. అంతకన్నా ముందు, తాడు పట్టినందుకు పైకూలి రైతుతో మాట్లాడి పెట్టండి. చాలామంది మరిచేది ఇదే. ఇక ముందు తామే దిగడమంటారా, ఇదే ఊళ్ళో 2014 నుంచి వేకువనే వీధులు ఊడుస్తున్న స్వచ్ఛ చల్లపల్లి కార్యకర్తల్లో డాక్టర్లున్నారు. చీపురు వాళ్ళ చేతిలో ఉంది కాబట్టే పక్కవాడూ పట్టాడు.

తర్వాతది, కాదనలేని మొహమాటం. కోతకు రెండు మూడు రోజుల ముందు వరి చేలోనే మినుము చల్లుతారు. కోత ముఠా ఆలస్యమైతే మొలకలు వరి నీడలో పాలిపోతాయి, ఆపైన కాళ్ళ కింద నలుగుతాయి. పోయేది ఒక పూట కాదు, రెండో పంట. ఒకే రోజుకు ఇద్దరు రైతులకు మాటివ్వకండి. కుదరదని ఇవాళే చెప్పి, తిట్లేవో ఇవాళే తినండి.

కూలి లెక్క కాళ్ళు కడుక్కునే లోపు తేలాలి. మీ వాటా ఎంతో కూడా అందరి ముందే చెప్పాలి.

పదో తరగతి తర్వాత రెండేళ్ళ వ్యవసాయ డిప్లొమా చేసిన కుర్రాళ్ళకు మందు మోతాదులు నోటికొచ్చు. పిన్ని వయసు మనిషిని పనికి పిలవడం మాత్రం రాదు. మీరు అలాంటి కుర్రాళ్ళయితే ఒక్క నాట్ల కాలం మేస్త్రీ వెంట తిరగండి. బదులుగా ఆయన్ని ఒకసారి ఘంటసాల కృషి విజ్ఞాన కేంద్రానికి తీసుకెళ్ళండి. ముందు ఫోను ఎవరు చెయ్యాలంటారా? చిన్నవాళ్ళు మీరే. రాత్రిపూట వద్దు లెండి, రేపటి మనుషుల్ని కుదుర్చుకునే హడావిడిలో ఉంటాడు.