హృదయమును కుమ్మరించుట

పఠనభాగములు: 2 సమూయేలు 3:12–16, కీర్తన 62:5–8

తెగిపోయిన బంధమునుగూర్చి తమకిప్పుడేమియు లేదని చెప్పువారిలో కొందరు నిజమే చెప్పుదురు. మరికొందరు ఎవరును అడుగకమునుపే చెప్పుదురు. అడుగని ప్రశ్నకు అంత గట్టి జవాబు ఏల?

డెన్మార్కు దేశపు క్రైస్తవ తత్త్వవేత్త సోరెన్ కీర్కెగార్డు 1840 సెప్టెంబరులో రెగీనే ఓల్సెన్ అను కన్యకతో ప్రధానము చేసికొని, మరుసటి ఆగస్టులో ఉంగరము త్రిప్పి పంపెను. తన విషాద స్వభావము ఆమెకు భారమగునని అతడు తలంచెను. ఆమె వేడుకొన్నను వినక, తన్ను అసహ్యించుకొనియైనను ఆమె విడుదల పొందవలెనని, ప్రేమలేని వంచకునివలె నటించెను. అక్టోబరులో సంబంధము పూర్తిగా తెగగా బెర్లినునకు వెళ్లిపోయెను. ఆ నటన పురవీధులకు చాలెను గాని అతని దినచర్య పుస్తకములకు చాలలేదు; ఆ పుటలలో ఆమె ప్రస్తావన ఏండ్ల తరబడి కానవచ్చును. 1847లో ఆమె వేరొకరిని వివాహమాడెను. 1849లో అతడు ఆమెకొక లేఖ వ్రాసి, ముద్రవేసి, ఇచ్చుటయో మానుటయో ఆమె భర్త చిత్తమునకు విడిచి పంపెను. అది విప్పబడకయే తిరిగివచ్చెను. 1855లో అతడు మరణించినప్పుడు, తనకు మిగిలినదంతయు ఆమెకే చెందవలెనని వ్రాసియుంచినట్లు తెలియవచ్చెను. ఆమె మేలు కోరినవాడే. అయినను అబద్ధమును ఆ మేలునకు సాధనముగా చేసికొనుట సరియని చెప్పుటకు వీలులేదు.

పల్తీయేలు అట్లు చేయలేదు. సౌలు దావీదు భార్యయైన మీకాలును అతనికిచ్చెను. రాజ్యము చేతులు మారు కాలమున ఆమె మరల కొనిపోబడెను. (ఆమెను అడిగినప్పుడు దావీదు తాను చెల్లించిన వెలను జ్ఞాపకము చేసెనే గాని ప్రేమను పేర్కొనలేదు, ప్రసంగీకులు ఈ సంగతిని త్వరగా దాటిపోవుదురు.) పల్తీయేలు బహూరీమువరకు ఏడ్చుచు ఆమె వెంబడి నడిచెను. అబ్నేరు పొమ్మనగా తిరిగిపోయెను. ఆ కన్నీటిని లేఖనము నిందింపలేదు. ఏడ్చినవాడును తిరిగిపోయినవాడును ఒకడే.

ప్రధానము తప్పిపోయిన తెలుగు గృహములలో ఆ పేరు ఎత్తకూడదని పెద్దలు ఆజ్ఞాపించుటయు, కొద్ది మాసములలోనే మరియొక సంబంధము చూచుటయు కద్దు. ఆ యువతియో యువకుడో ఇంటివారికి చెప్పిన జవాబునే కాపరికిని, తుదకు ప్రార్థనలో దేవునికిని చెప్ప నేర్చుకొందురు. 62వ కీర్తన జనులను పిలుచునది హృదయమును కుమ్మరించుటకు. పాత్రలో ఉన్నదే కుమ్మరింపబడును గాని, ఉండవలసినది కాదు. మిగిలియున్న మమకారమును దేవునియెదుట ఒప్పుకొనుట వేరు, దాని వెంబడి మరల నడుచుట వేరు. ఆ పేరును ఆయన సన్నిధిని స్పష్టముగా పలికి, ఆ వ్యక్తి క్షేమముకొరకు ప్రార్థించి, ఉత్తరము వ్రాయకయే లేచుట సాధ్యము. అది ఒక దినమున ముగియదు. అంతవరకు క్రొత్త సంబంధమునకు తొందరపెట్టకుండుట పెద్దల వంతు.