కాల్చని గ్రంథము

ఎఫెసులోని విశ్వాసులు తమ మాంత్రిక గ్రంథములను అందరి యెదుట కాల్చివేసిరి. వాటి వెల ఏబదివేల వెండి రూకలు (అపొ. కార్య. 19:19). అట్లు కాల్చలేకపోయిన ఒక పండితుని సంగతి వినుడి.

ఇతని పేరు అగ్రిప్ప. పౌలు వాదము వినిన రాజు కాడు. 1486లో జర్మనీ దేశపు కొలోను పట్టణమున పుట్టినవాడు. ఆ దినములలో ఐరోపా పండితులు ప్రాచీన గ్రంథములను వెలికితీయుచు, నక్షత్రములలోను రాళ్లలోను మూలికలలోను గుప్తశక్తులను వెదకుచుండిరి. అగ్రిప్ప ఆ విద్యను 1510లో మూడు భాగముల గ్రంథముగా కూర్చెను.

ఇతడు కఠినుడు కాడు. 1519లో మెట్సు పట్టణమున, మంత్రగత్తెయని నేరము మోపబడిన పల్లెటూరి స్త్రీ పక్షమున వాదించి ఆమెను విడిపించెను. 1530లో అచ్చయిన వేరొక గ్రంథములో మానవ విద్యలు వ్యర్థములనియు, దేవుని వాక్యమే స్థిరమనియు వ్రాసి, తన మాంత్రిక గ్రంథములో యౌవనపు కుతూహలమువలన తప్పులు దొర్లెనని ఒప్పుకొనెను. అయినను 1533లో దానినే పెంచి అచ్చువేయించెను! తప్పుల ప్రతులు వ్యాపించుచున్నవని కారణము చెప్పెను. తన ఒప్పుకోలును కూడ దాని చివరనే చేర్చెను.

ఒప్పుకొనుట నోటి పని, విడిచిపెట్టుట చేతి పని. ఎఫెసువారు రెండును చేసిరి. మన పెట్టె అడుగున ఏమి దాగియున్నది?