వెళ్ళిన దారిన తిరిగి రావద్దు

మా చెల్లెలి కొడుకు పదో తరగతి పరీక్షలు రాసేసి, మంచం మీద బోర్లా పడుకుని, బొటనవేలితో ఫోను తోసుకుంటూ, "ఏవుంది మావయ్యా ఈ అమలాపురంలో?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. వాడన్న మాటకి కాదు. సరిగ్గా వాడి వయసులో రాజోలు బస్టాండులో కూర్చుని, హైదరాబాదు బస్సు వెళ్ళిన వైపే చూస్తూ నేనూ అదే మాట రోజుకోసారి అనుకునేవాణ్ణి. సినిమాహాలు, టీకొట్టు, ట్యూషను. మిగతాదంతా కొబ్బరిచెట్లు. కొబ్బరిచెట్టులో చూడ్డానికేముంది?

ఒరేయ్, నీకు నీ ఊరు తెలీదు. నీకు తెలిసింది ఇంటి నుంచి ట్యూషనుకి వెళ్ళే దారి. ఆ దారి బోరు కొట్టిందంటే ఒప్పుకుంటాను, ఎవరికైనా కొడుతుంది. దాన్ని పట్టుకుని ఊరిని తిట్టకు.

ఈ తిట్టు ముందు నాకే తగలాలి. రాజోలు నుంచి పి.గన్నవరం మీదుగా రావులపాలెం బస్సులో ఎన్ని వందలసార్లు వెళ్ళానో లెక్కలేదు. కిటికీ పక్క సీటు కోసం దెబ్బలాడి మరీ కూర్చునేవాణ్ణి, కూర్చోగానే నిద్రపోయేవాణ్ణి. ముప్ఫై దాటాక ఒకరోజు బస్సు గన్నవరం అక్విడక్టు దగ్గర ఆగిపోయింది. విసుక్కుంటూ దిగి పిట్టగోడ దగ్గరికెళ్ళాను. కింద గోదారి పాయ వైనతేయ, లంకల మధ్య తీరిగ్గా పారుతోంది. వెనక్కి తిరిగితే నా కాళ్ళ మట్టానికి దగ్గరలో పంటకాలవ. ఏటి మీంచి కాలవ! అన్నేళ్ళూ దాన్ని దారి పక్క మామూలు కాలవే అనుకున్నాను. ధవళేశ్వరం ఆనకట్ట నీళ్ళని ఏరు దాటించి అవతలి లంకభూములకి ఇవ్వడానికి ఆ ఆనకట్ట కట్టించిన కాటన్ దొర కాలంలో, 1850ల్లో, పాత అక్విడక్టు కట్టారు. కొత్తది 2000లో వచ్చింది, దానికి ఆకలన్నవాళ్ళకి అన్నం పెట్టిన డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. మా ఇంట్లో తిన్న అన్నం ఆ నీళ్ళతో పండింది. నేను దాని మీద గురకపెట్టాను.

విసుగు గురించి శాస్త్రవేత్తలూ పాపం చాలా తంటాలు పడ్డారు. 2014లో వర్జీనియా యూనివర్సిటీ వాళ్ళు మనుషుల్ని ఖాళీ గదిలో ఓ పావుగంట కూర్చోబెడితే, ఊరికే ఉండలేక కొందరు తమకి తామే కరెంటు షాకు పెట్టుకున్నారట. మనకి ఆ మిషను అక్కర్లేదు, జేబులోనే ఉంది. సరే, అసలు సంగతికి వస్తాను.

నేను ఒట్టేసి చెప్పే అలవాటు ఒక్కటే. వారానికి ఒకరోజు, తెల్లారగట్ల, సైకిలు. గేర్ల సైకిలు అక్కర్లేదు, తాతగారి తుప్పుసైకిలు చాలు. ఒకటే నియమం: వెళ్ళిన దారిన తిరిగి రాకూడదు. ఏటిగట్టు మీద వెళితే పుంతలోంచి రావాలి, మెయిన్‌రోడ్డున వెళితే కాలవగట్టు పట్టాలి. చిన్న నియమమే, కానీ తిరుగుదారి తెలియదు గనక ఎవర్నో ఒకర్ని అడగాల్సి వస్తుంది. అడిగితే గోదారోళ్ళు దారి ఒక్కటే చెప్పి ఊరుకుంటారా? "ఎవరబ్బాయివి?" దగ్గర మొదలెట్టి మీ తాత పెళ్ళి భోజనాల దాకా వెళతారు. ఇంటికొచ్చాక నోటుబుక్కులో నాలుగు లైన్లు రాయాలి: ఇవాళ్టిదాకా తెలియనిది ఏం తెలిసింది?

నా బుక్కులోంచి ఒకటి: "సఖినేటిపల్లి రేవు. పంటు మీద మోటారుసైకిళ్ళు, రెండు మేకలు, నరసాపురం వెళ్ళే పెళ్ళివారు. పెళ్ళికొడుకు జోళ్ళు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. వశిష్ఠ దాటేసరికి మేక వాడి కండువా సగం నమిలేసింది." ఇది సినిమాకి తక్కువా?

నేనేదో క్రమశిక్షణకి పుట్టిన బిడ్డనని అనుకోవద్దు. ఆ బుక్కులో జూన్ తర్వాత పేజీ డిసెంబరుది. మధ్యలో ఆదివారాలన్నీ మంచం మీద, ఫోనుతో. మళ్ళీ మొదలెట్టాను. ఇప్పటికి అయిదుసార్లు మానేశాను, ఆరుసార్లు మొదలెట్టాను. ఆ లెక్క నాకు చాలు.

సైకిలొక్కటే కాదు, కాలవలు కట్టేసిన వేసవిలో కాలవలోనే క్రికెట్టు ఆడండి. కానీ ఏట్లోకి ఈత రాకుండా దిగితే మాత్రం చెంప పగలగొడతాను. పైకి నెమ్మదిగా కనిపించే నీళ్ళ కింద ఇసక గోతులుంటాయి. ముందు తెలిసినవాళ్ళ దగ్గర ఈత నేర్చుకోండి, అదే ఒక వేసవి పని.

అమలాపురంలో ఏముందంటారా? ఈ ఊళ్ళో పీఈటీ మాస్టారి కొడుకు రాకెట్టు పట్టి, 2022లో థామస్ కప్పు గెలిచిన జట్టులో ఆడి, 2023లో చిరాగ్ శెట్టితో కలిసి బ్యాడ్మింటన్ డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్. ఈ మాట అనగానే తండ్రులు అకాడమీ ఫీజు ఎంతని లేచి కూర్చుంటారు. ఆగండి బాబూ. సాయంత్రం నలుగురు కలిసి నెట్టు కట్టుకుని చెమట కారేదాకా ఆడుకోవడానికి పతకం అక్కర్లేదు.

ఇంకోటి. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి పదకొండు మంది రుద్రులు వెదురు ప్రభల మీద వస్తారు. పచ్చటి వరిచేల మీదుగా, కౌశికలో నడుం లోతు నీళ్ళలోంచి ప్రభని భుజాల మీద మోసుకొస్తారు. 2023 రిపబ్లిక్ డేకి ఢిల్లీలో మన రాష్ట్ర శకటం ఇదే. మీరేమో గట్టు మీద నిలబడి రీలు తీసుకుంటారు. వచ్చే ఏడు ముందుగానే వెళ్ళి వెదుళ్ళు కట్టేవాళ్ళకి తాడు అందించండి. కోడిపందేల బరి చుట్టూ తిరిగే టైములో సగం చాలు.

మిగతావి గబగబా చెప్పేస్తాను: ఆత్రేయపురంలో కుండ మీద పూతరేకు తియ్యడం చూసి, ఒకటి తీసి, చింపండి. కొత్తపేటలో విగ్రహాలు చేసేచోట గంట నిలబడండి. అంతర్వేదిలో వశిష్ఠ సముద్రంలో కలిసేచోటికి పొద్దున్నే వెళ్ళండి. బండారులంకలో మగ్గం చప్పుడు వినండి. లైబ్రరీ కార్డు తీసుకోండి.

ఇదంతా మా చెల్లెలికి చదివి వినిపిస్తే నవ్వలేదు. "అన్నయ్యా, నువ్వు చీకటి పడేదాకా తిరిగొచ్చి బోరు కొడుతోందనేవాడివి. నన్ను ఆరు దాటితే వీధి అరుగు మీద కూడా కూర్చోనిచ్చేవారు కాదు," అంది. నా దగ్గర జవాబు లేదు. ఆడపిల్లలున్న తల్లిదండ్రులారా, సైకిలు ఆ పిల్లకీ కొనండి, జతకి ఇద్దరు స్నేహితురాళ్ళని తోడివ్వండి.

మేనల్లుణ్ణి ఆ ఆదివారం బలవంతాన లేపి అంబాజీపేట వైపు తీసుకెళ్ళాను. తిరుగుదారిలో ఒక తోటలో కొబ్బరికాయలు ఒలుస్తున్నారు. ఒక పెద్దాయన నేలలో పాతిన ఇనపమొన మీద కాయ గుచ్చి, మూడు తిప్పుల్లో పీచు ఊడదీస్తున్నాడు. మావాడు "నేనూ చేస్తానండి" అన్నాడు. పది నిమిషాలు, ఒక్క కాయ, అరచేతులు ఎర్రబడ్డాయి.

"కాయని తిడితే ఊడదండి బాబూ," అని నవ్వి, ఆయన రెండు కాయలు తీసి వాడి చెవి దగ్గర ఆడించాడు. ఒకదాంట్లో నీళ్ళు గలగలమన్నాయి. రెండోదాంట్లో ఏదో లొడలొడ కొట్టుకుంది. "నీళ్ళు ఇంకిపోయి, లోపల గుడ్డు ఊడింది. ఇది కురిడీ అండి. నెలల తరబడి నిలవుంటే గానీ అవ్వదు."

ఇంటికి రాగానే వాడు ఫోను ఛార్జింగుకి పెట్టడం కూడా మరిచిపోయి నిచ్చెన వేసుకుని అటకెక్కాడు. వాళ్ళ నాయనమ్మ దాచుకున్న కాయలు ఒక్కొక్కటే చెవి దగ్గర ఆడించి, లొడలొడమనేవి ఓ పక్క, మననివి ఓ పక్క పెడుతున్నాడు. దుమ్మంతా కింద కాఫీగ్లాసులో పడుతోంది.

"చూడు బాబూ, మీ మేనల్లుడి నిర్వాకం!" అంది పెద్దావిడ నాతో. ఆ వెంటనే పైకి తలెత్తి, "ఒరేయ్, ఆ మూల బుట్టలోవి పోయినేడువిరా, వాటిని చూడు ముందు!"