నెట్ లేకపోయినా గిట్ వాడొచ్చు: పెన్‌డ్రైవ్‌నే రిమోట్‌గా పెట్టుకోండి

జగ్గయ్యపేట, నందిగామ వైపు నుంచి రోజూ బస్సులో కాలేజీకి వెళ్ళొచ్చే జూనియర్ల పెన్‌డ్రైవ్ తెరిస్తే తరచూ కనిపించే ఫోల్డర్లు: 'ప్రాజెక్ట్ ఫైనల్', 'ఫైనల్ 2', 'ఇదే అసలు ఫైనల్'. గిట్ వాడొచ్చుగా అంటే "ఊళ్ళో నెట్ సరిగా రాదన్నా" అంటారు. అసలు గిట్‌కి నెట్‌తో పనే లేదు. నెట్ కావాల్సింది గిట్‌హబ్‌కి. రెండూ వేరు.

బిట్‌కీపర్ ఫ్రీ లైసెన్స్ పోయాక లైనక్స్ కెర్నల్ కోసం లైనస్ టోర్వాల్డ్స్ 2005 ఏప్రిల్‌లో మొదలుపెట్టిన టూల్ ఇది. ఎస్‌వీఎన్ లాంటి పాతవాటిలో కమిట్ చేయాలంటే సర్వర్ దొరకాలి. గిట్‌లో హిస్టరీ మొత్తం మీ లాప్‌టాప్‌లోనే, .గిట్ ఫోల్డర్‌లో ఉంటుంది. కమిట్, లాగ్, బ్రాంచ్ అన్నీ బస్సు కంచికచర్ల దాటేలోపు సీట్లో కూర్చునే చేసుకోవచ్చు.

అయితే డిస్క్ పోతే .గిట్ కూడా పోతుంది. వందసార్లు కమిట్ చేసినా ఉన్నది ఒక్క కాపీయే. ఫైనల్ ఇయర్ రివ్యూ ముందు రోజు అలా జరిగితే ఎలా ఉంటుందో ఊహించుకోండి! అందుకే పెన్‌డ్రైవ్‌లో ఒక ఖాళీ ఫోల్డర్ తెరిచి 'గిట్ ఇనిట్ --బేర్' కొట్టండి (కమాండ్లు టైప్ చేసేది ఇంగ్లీష్‌లోనే). తర్వాత ప్రాజెక్ట్ ఫోల్డర్‌లోకి వచ్చి 'గిట్ రిమోట్ యాడ్ పెన్' పక్కన ఆ పెన్‌డ్రైవ్ ఫోల్డర్ పాత్ ఇవ్వండి. ఇక రోజూ పడుకునే ముందు 'గిట్ పుష్ పెన్ మెయిన్'. మీ బ్రాంచ్ పేరు మాస్టర్ అయితే మెయిన్ బదులు అదే రాయాలి.

విండోస్‌లో 'డూబియస్ ఓనర్‌షిప్' అని ఎర్రర్ వస్తే కంగారు పడొద్దు. ఎఫ్‌ఏటీ32, ఎక్స్‌ఫ్యాట్ డ్రైవ్‌లలో ఫైల్ ఓనర్ వివరం ఉండదు కాబట్టి గిట్ అనుమానిస్తుంది. ఎర్రర్ కిందే 'సేఫ్.డైరెక్టరీ' కమాండ్ కనిపిస్తుంది, దాన్ని కాపీ చేసి రన్ చేస్తే సరి.

ఫోన్‌లో కోడ్ చూడాలంటే టర్మక్స్ వేసుకోండి. 'పీకేజీ ఇన్‌స్టాల్ గిట్' కొడితే చాలు, క్లోన్ చేసుకోవచ్చు. నా లెక్కన మూడో కాపీకి ఫోన్ మంచి చోటు.

నెట్ దొరికినప్పుడు గిట్‌హబ్‌కీ పుష్ చేయండి. ప్రైవేట్ రెపోలు 2019 నుంచి ఫ్రీనే. పాత వీడియోలు చూసి పాస్‌వర్డ్ కొడితే మాత్రం పనిచేయదు, 2021 ఆగస్టు నుంచి టోకెన్ గానీ ఎస్‌ఎస్‌హెచ్ కీ గానీ ఉండాలి. 100 ఎంబీ దాటిన ఫైల్‌ని అసలు తీసుకోదు.

ఏపీఐ కీ పొరపాటున కమిట్ అయితే తర్వాతి కమిట్‌లో డిలీట్ చేసినా హిస్టరీలో ఉండిపోతుంది. పెన్‌డ్రైవ్, ఫోన్, గిట్‌హబ్, అన్ని కాపీల్లోనూ! అప్పుడు ముందు ఆ కీని క్యాన్సిల్ చేసి కొత్తది తీసుకోండి. ఇంకా కమిట్ చేయనివాళ్ళు .ఎన్వ్ ఫైల్ పేరుని ఇప్పుడే .గిట్‌ఇగ్నోర్‌లో రాసేయండి.