వీర క్రీడాకారుడు డేవ్ గల్లహర్

డేవ్ గల్లహర్ 1873లో ఐర్లాండ్‌లోని రామెల్టన్‌లో జన్మించారు. బాల్యంలోనే కుటుంబంతో న్యూజిలాండ్ చేరి, రగ్బీ క్రీడలో ప్రావీణ్యం సంపాదించారు. దక్షిణాఫ్రికాలో జరిగిన బోయర్ యుద్ధంలో సైనికుడిగా పాల్గొన్నారు. 1905-06లో ఆయన నాయకత్వాన విదేశాలలో పర్యటించిన న్యూజిలాండ్ జట్టు 35 పోటీలలో 34 గెలిచింది. వేల్స్ చేతిలో మాత్రమే ఓడింది. 'ఆల్ బ్లాక్స్' అనే పేరు ఆ పర్యటనలోనే ప్రసిద్ధికెక్కింది.

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేనాటికి గల్లహర్‌కు నలభై ఏళ్ళు నిండాయి. సైన్యంలో చేరవలసిన నిర్బంధం ఆయనకు లేదు. అయినా 1916లో వయస్సు తగ్గించి చెప్పి సైన్యంలో చేరారు. 1917 అక్టోబరు 4న బెల్జియంలో, పాషండేల్ సమరంలో తీవ్రంగా గాయపడి అసువులు బాశారు.

పోపెరింగె సమీపంలోని ఆయన సమాధి ఫలకంపై, ఒకనాడు జట్టు దుస్తులపై మెరిసిన ఫెర్న్ ఆకు గుర్తే చెక్కి ఉంది. మరణించేనాటికి ఆయన వయస్సు 43. ఫలకంపై ఉన్నది 41. యుద్ధభూమికి వెళ్ళడానికి ఆయన దాచిన వయస్సును ఆ శిల నేటికీ బయటపెట్టలేదు.