కదలకూడని పేజీలు

కంప్యూటర్ మెమరీని కెర్నల్ పేజీలుగా విడగొట్టి వాడుతుంది. చాలా యంత్రాల్లో ఒక్కో పేజీ 4,096 బైట్లు. చోటు చాలనప్పుడు పేజీని డిస్కుకు పంపుతుంది, లేదా మెమరీలోనే మరో చోటికి జరుపుతుంది. చిరునామాల పట్టికను తనే సరిదిద్దుతుంది కాబట్టి ప్రోగ్రాముకు ఆ సంగతే తెలియదు.

నెట్‌వర్క్ కార్డు తీరు వేరు. ముందే ఇచ్చిన చిరునామాలో అది ప్రాసెసర్‌తో పనిలేకుండా నేరుగా రాస్తుంది. ఈలోగా పేజీని జరిపితే డేటా ఇంకెవరి పేజీలోనో పడుతుంది! అందుకే పని ముగిసేదాకా పేజీని కదలకుండా కట్టేస్తారు. ఇదే పిన్ చేయడం. ఎంలాక్ వేరు: అది చేసిన పేజీ డిస్కుకు పోదు గానీ చోటు మారవచ్చు.

లినక్స్‌లో చాలాకాలం పిన్‌కైనా, మామూలు వాడకానికైనా పేజీ కౌంటరుకు 1 కలిపేవారు. దాంతో ఫైలు పేజీని డిస్కుకు రాసే ఫైల్ సిస్టమ్‌కు, అందులో పరికరం ఇంకా రాస్తోందని తెలిసేది కాదు. డేటా పాడయ్యే ప్రమాదం ఉండేది. 2020 నుంచి విడి పేజీని పిన్ చేస్తే 1,024 కలుపుతున్నారు. కౌంటరు అంతకు చేరితే పేజీ పిన్ అయి ఉండవచ్చని అర్థం. వెయ్యికి పైగా మామూలు వాడకాలున్నా అలాగే కనిపిస్తుంది. అయితే ఆ పొరపాటు జాగ్రత్త వైపే కనుక కెర్నల్ దాన్ని భరిస్తుంది.