పీఎస్4 డిస్క్ చదవట్లేదా? డ్రైవ్ మార్చే ముందు లోపం ఎక్కడుందో పట్టుకోండి

డిస్క్ పెట్టగానే కాసేపు గిర్రున తిరుగుతుంది, ఆగిపోతుంది, స్క్రీన్ మీద 'అన్‌రికగ్నైజ్డ్ డిస్క్' అని వస్తుంది. ఇంకొందరికైతే డిస్క్ లోపలికే పోదు. ప్లేస్టేషన్ 4 మన దేశంలోకి వచ్చింది 2014 జనవరిలో. అంటే ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో దొరికే పాత మోడల్స్‌కి పదేళ్ళ వయసు వచ్చేసింది. వీటిలో ముందుగా మొరాయించే పార్ట్స్‌లో డిస్క్ డ్రైవ్ ఒకటి.

"డిస్క్ పోతే పోయింది, డౌన్‌లోడ్ చేసుకుని ఆడొచ్చు కదా" అని సిటీలో ఫైబర్ కనెక్షన్ ఉన్నవాళ్ళు అంటారు. మా హాలహర్వి లాంటి చోట ఆ లెక్క వేరు. రోజుకి 1.5 జీబీ మొబైల్ డేటా ప్యాక్‌తో 50 జీబీ గేమ్ దించాలంటే, ఇంకేమీ వాడకుండా ఉన్నా 33 రోజులు దాటుతుంది. బళ్ళారిలోనో బెంగళూరులోనో పాత డిస్క్ కొనుక్కుని, ఆడేశాక ఫ్రెండ్‌తో మార్చుకోవడమే మనకి కుదిరే పద్ధతి. డ్రైవ్ పోతే ఆ దారి మూసుకుపోయినట్టే.

ఇంకో విషయం కూడా గుర్తుంచుకోండి. పీఎస్4 డిస్క్‌లోని గేమ్‌ని హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసుకుంటుంది. అయినా ఆట మొదలుపెట్టేటప్పుడు డిస్క్ లోపల ఉండాల్సిందే, అది తాళంచెవి లాంటిది. కాబట్టి డ్రైవ్ పాడైతే, ఇన్‌స్టాల్ అయి ఉన్న డిస్క్ గేమ్స్ కూడా ఓపెన్ కావు.

అందుకే ఈ ఆర్టికల్‌లో డ్రైవ్ ఎలా పనిచేస్తుంది, లక్షణాన్ని బట్టి లోపం ఎలా పట్టాలి, రిపేర్‌లో ఏ ఒక్క పార్ట్‌ని అస్సలు పోగొట్టుకోకూడదు అనే మూడు విషయాలు నేర్చుకుందాం.

డ్రైవ్ లోపల ఏం జరుగుతుంది?

డిస్క్‌ని స్లాట్ దగ్గర పెట్టగానే సెన్సార్ గుర్తిస్తుంది. రబ్బరు రోలర్ తిరిగి దాన్ని లోపలికి లాక్కుంటుంది. డిస్క్ మధ్యలో ఉన్న రంధ్రం స్పిండిల్ మోటార్ మీద కూర్చుంటుంది, పైనుంచి క్లాంప్ పట్టుకుంటుంది. మోటార్ తిరుగుతుంది. కింద పట్టాల మీద జరిగే లేజర్ యూనిట్ డిస్క్ మీద కాంతిని వేసి, తిరిగొచ్చిన కాంతిని చదువుతుంది. ఈ వరుస గుర్తుంటే చాలు. ఏ మెట్టు దగ్గర ఆగిందో చూస్తే లోపం సగం దొరికినట్టే.

ఇక లేజర్ సంగతి. డీవీడీని చదివేది 650 నానోమీటర్ల ఎర్ర లేజర్. గేమ్ డిస్క్ అంటే బ్లూ-రే, దాన్ని చదివేది 405 నానోమీటర్ల నీలి-ఊదా లేజర్. పీఎస్4లో ఈ రెండూ ఒకే యూనిట్‌లో ఉన్నా, కాంతినిచ్చే డయోడ్లు వేరు. ఒకటి బలహీనపడినా రెండోది బాగానే ఉండొచ్చు.

డీవీడీలో డేటా పొర, డిస్క్ కింది ఉపరితలం నుంచి 0.6 మి.మీ. లోపల ఉంటుంది. బ్లూ-రేలో కేవలం 0.1 మి.మీ. లోపలే. డేటా కూడా చాలా దగ్గర దగ్గరగా రాసి ఉంటుంది, అందుకే ఒక్కో పొరలో 25 జీబీ పడుతుంది. దీని అర్థం ఏంటంటే, డీవీడీ పట్టించుకోని చిన్న మరక కూడా బ్లూ-రేకి ఇబ్బంది అవుతుంది.

మన ఏరియాలో డ్రైవ్‌కి ఎదురయ్యే కష్టాలు

ఆదోని పెద్ద పత్తి మార్కెట్. ఆలూరు, హాలహర్వి వైపు అంతా నల్లరేగడి పొలాలు. పత్తి సీజన్‌లో గాల్లో దూది నూగు, ఎండాకాలంలో సన్నటి మట్టి దుమ్ము. కన్సోల్‌లో ఫ్యాన్ తిరుగుతున్నంతసేపూ బయటి గాలి లోపలికి వస్తూనే ఉంటుంది, దానితో పాటు ఈ దుమ్మూ వస్తుంది. లెన్స్ మీద సన్నటి పొర పడుతుంది. రోలర్‌కి నూగు అంటుకుంటే పట్టు తగ్గి డిస్క్ జారుతుంది. 40 డిగ్రీలు దాటే ఎండల్లో గ్రీజు ఎండిపోయి లేజర్ పట్టాల మీద సాఫీగా కదలదు.

రెండోది కరెంటు. గేమ్ కాపీ అవుతుండగా కరెంటు పోతే హార్డ్ డిస్క్‌లోని డేటాబేస్ దెబ్బతినొచ్చు. అప్పుడు ఇన్‌స్టాల్ మధ్యలో ఆగిపోతుంటే మనం డ్రైవ్ మీద అనుమానపడతాం. తప్పు అక్కడ ఉండకపోవచ్చు.

లక్షణం చూసి లోపం పట్టడం

ముందు కనీసం మూడు డిస్క్‌లు దగ్గర పెట్టుకోండి: రెండు వేర్వేరు గేమ్స్, ఒక డీవీడీ సినిమా. ఆడియో సీడీతో టెస్ట్ చేయకండి. పీఎస్4 ఆడియో సీడీలని అసలు ప్లే చేయదు, అది లోపం కాదు. అలాగే సినిమా డిస్క్ మొదటిసారి ప్లే చేయడానికి ఒక్కసారి ఇంటర్నెట్ కనెక్ట్ చేయాలి.

1. ఒక్క డిస్క్ మాత్రమే చదవట్లేదు, మిగతావి బాగున్నాయి: లోపం ఆ డిస్క్‌దే.

2. డిస్క్ లోపలికి లాక్కోవట్లేదు: రోలర్ మురికి, ముందు సెన్సార్ సమస్య, లేదా డ్రైవ్ కేబుల్ వదులు. లోపల ఇంకో డిస్క్ ఇరుక్కుని ఉందేమో ముందు చూడండి.

3. లోపలికి వెళ్ళి వెంటనే బయటికి వస్తోంది: డిస్క్ క్లాంప్‌లో సరిగ్గా కూర్చోవట్లేదు, లేదా లేజర్‌కి ఏమీ కనిపించట్లేదు.

4. తిరిగి, ఆగి, గుర్తించలేదని చెబుతోంది, అన్ని డిస్క్‌లదీ ఇదే పరిస్థితి: లెన్స్ మురికి, లేదా లేజర్ బలహీనం.

5. డీవీడీ ఆడుతుంది, గేమ్స్ మాత్రం చదవదు: నీలి లేజర్ మీద అనుమానపడండి. మోటార్, రోలర్, క్లాంప్ బాగున్నట్టే.

6. డిస్క్ పెట్టకపోయినా బీప్‌మంటోంది, లేదా ఆడుతుండగా డిస్క్ తనంతట తనే బయటికి వస్తోంది: ఇది మొదటి తరం పీఎస్4లో బాగా తెలిసిన సమస్య. వాటికి టచ్ ఎజెక్ట్ బటన్ ఉంటుంది. దానికి దగ్గరగా కింద ఉన్న రబ్బరు కాలు ఉబ్బి పైకి నొక్కితే, ఎవరో బటన్ ముట్టుకున్నట్టు కన్సోల్ అనుకుంటుంది. డ్రైవ్ తప్పేమీ లేదు.

7. ఇన్‌స్టాల్ మధ్యలో ఆగుతోంది: ఒకే డిస్క్ ప్రతిసారీ ఒకే చోట ఆగితే డిస్క్ గీత. రకరకాల డిస్క్‌లు రకరకాల చోట్ల ఆగితే లేజర్ లేదా హార్డ్ డిస్క్.

కన్సోల్ విప్పకుండా చేసే పనులు

డిస్క్‌ని మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో మధ్య నుంచి అంచు వైపు నిటారుగా తుడవండి, గుండ్రంగా తిప్పి తుడవకండి. డేటా గుండ్రంగానే రాసి ఉంటుంది. అడ్డంగా పడిన సన్నగీతని ఎర్రర్ కరెక్షన్ సర్దుకుంటుంది కానీ, డేటా వెంబడే పడిన గీతని సర్దుకోవడం కష్టం. ఇక టూత్‌పేస్ట్ చిట్కా బ్లూ-రేకి వద్దే వద్దు. పైన చెప్పాం కదా, డేటా 0.1 మి.మీ. లోపలే ఉంది, అరగదీస్తే మిగలదు.

తర్వాత సేఫ్ మోడ్. కన్సోల్ పూర్తిగా ఆఫ్ చేసి, పవర్ బటన్‌ని దాదాపు 7 సెకన్లు, రెండో బీప్ వచ్చేదాకా నొక్కి పట్టుకోండి. కంట్రోలర్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కనెక్ట్ చేయండి. 5వ ఆప్షన్ 'రీబిల్డ్ డేటాబేస్' ఎంచుకోండి. దీనివల్ల గేమ్స్, సేవ్స్ పోవు. 6, 7 ఆప్షన్ల జోలికి మాత్రం వెళ్ళకండి, అవి అన్నీ చెరిపేస్తాయి.

డిస్క్ ఇరుక్కుపోతే స్క్రూడ్రైవర్ దూర్చి లాగకండి. పీఎస్4కి మాన్యువల్ ఎజెక్ట్ స్క్రూ ఉంది. అది ఎక్కడుందో, ఎటు తిప్పాలో మోడల్‌ని బట్టి మారుతుంది. ప్లేస్టేషన్ సపోర్ట్ పేజీలో మీ మోడల్ నంబర్ చూసి, కన్సోల్ ప్లగ్ పీకేశాకే తిప్పండి.

దుమ్ము ఊదడానికి పంక్చర్ షాపు కంప్రెసర్ వాడకండి. ఆ ప్రెషర్‌కి లెన్స్ చెదురుతుంది, గాలిలో నీటి తుంపర కూడా ఉంటుంది. నోటితో ఊదినా ఉమ్మి పడుతుంది. చేతితో నొక్కే రబ్బరు బ్లోయర్ మేలు.

విప్పాల్సి వస్తే

వారంటీ ఉంటే విప్పకండి, నేరుగా సర్వీస్‌కి ఇవ్వండి. వారంటీ అయిపోయి, మీకు ఇలాంటి పని అలవాటు ఉంటేనే ఈ భాగం. లేకపోతే ఆదోనిలోనో బళ్ళారిలోనో నమ్మకమైన రిపేర్ షాపుకి ఇవ్వండి. ఏం చేయించాలో తెలియడానికైనా ఇది చదవండి.

ప్లగ్ పీకి కాసేపు ఆగండి. పీఎస్4 పవర్ సప్లై లోపలే ఉంటుంది, దాని పెట్టెని తెరవొద్దు. సెక్యూరిటీ టార్క్స్ స్క్రూడ్రైవర్ కావాలి. ప్రతి దశలో ఫొటో తీసుకోండి. రిబ్బన్ కేబుల్‌ని లాగే ముందు దాని లాక్ ఎత్తండి. పొడి వాతావరణంలో స్టాటిక్ కరెంటు ఎక్కువ, కాబట్టి ముందు ఏదైనా లోహపు వస్తువుని ముట్టుకోండి. డ్రైవ్ తెరిచి ఉండగా పవర్ ఇవ్వకండి, లేజర్ కంటికి ప్రమాదం.

శుభ్రం చేయడానికి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తీసుకోండి. కాటన్ బడ్‌ని కాస్త తడిపి లెన్స్‌ని నొక్కకుండా తుడవండి. లెన్స్ సన్నటి తీగల మీద వేలాడుతుంది, గట్టిగా నొక్కితే అంతే సంగతులు. రోలర్‌ని కూడా అదే ఆల్కహాల్‌తో తుడవండి. శానిటైజర్, థిన్నర్, పెట్రోల్ వద్దు. నాలుగో లక్షణం ఉన్న డ్రైవ్‌లు కొన్ని ఇంతటితోనే లేచి కూర్చుంటాయి.

శుభ్రం చేసినా చదవకపోతే లేజర్ మార్చాలి. పాత పీఎస్4లో ఎక్కువగా కేఈఎస్-490ఏ, స్లిమ్, ప్రోలలో కేఈఎస్-496ఏ కనిపిస్తాయి. మీ యూనిట్ మీద ఏ నంబర్ ఉందో విప్పి చూశాకే ఆర్డర్ పెట్టండి.

ఈ ఒక్క బోర్డుని మాత్రం పోగొట్టుకోవద్దు

మొదటి తరం పీఎస్4 డ్రైవ్‌కి ఒక చిన్న సర్క్యూట్ బోర్డు ఉంటుంది. అది ఫ్యాక్టరీలోనే ఆ కన్సోల్ మదర్‌బోర్డుతో జత అయి ఉంటుంది. ఇంకో పీఎస్4 నుంచి తీసిన డ్రైవ్‌ని బోర్డుతో సహా పెడితే, డిస్క్‌ని లాక్కుంటుంది, తిప్పుతుంది కానీ గేమ్ మాత్రం ఓపెన్ కాదు. సిస్టమ్ అప్‌డేట్ కూడా మధ్యలో ఆగిపోవచ్చు.

కాబట్టి డ్రైవ్ మొత్తం మార్చినా మీ పాత బోర్డుని తీసి కొత్త డ్రైవ్‌కి బిగించాలి. తర్వాత వచ్చిన మోడల్స్‌లో ఈ సర్క్యూట్ మదర్‌బోర్డులోనే ఉంటుంది, అప్పుడు ఈ చిక్కు లేదు. రిపేర్‌కి ఇచ్చేటప్పుడు షాపు అన్నకి ఒక్క మాట చెప్పండి: "అన్నా, పాత డ్రైవ్ బోర్డు పారేయద్దు, నాకు వెనక్కి ఇవ్వు." ఇవ్వకముందే ఆ బోర్డు మీద ఉన్న నంబర్ల ఫొటో తీసిపెట్టుకుంటే ఇంకా మంచిది. పాత డ్రైవ్ స్క్రాప్‌లోకి వెళ్ళిపోతే ఆ కన్సోల్ ఇక డిస్క్ గేమ్ ఆడే దారి దాదాపు మూసుకుపోతుంది.

మిగతా కన్సోల్స్‌లోనూ ఇదే కథ. ఎక్స్‌బాక్స్ 360, ఎక్స్‌బాక్స్ వన్ డ్రైవ్ బోర్డులు కూడా జతవే. మొదటి పీఎస్5 కూడా అంతే. 2023లో వచ్చిన స్లిమ్ పీఎస్5కి డ్రైవ్‌ని విడిగా తగిలించుకోవచ్చు కానీ, జత చేయడానికి ఒకసారి ఇంటర్నెట్ కావాలి.

ఇంకో జాగ్రత్త: డిస్క్ తిరుగుతున్నప్పుడు కన్సోల్‌ని కదపకండి, పడుకోబెట్టింది నిలబెట్టకండి. ఎక్స్‌బాక్స్ 360లో డిస్క్‌ల మీద గుండ్రటి గీతలు పడుతున్నాయని అమెరికాలో కొనుగోలుదారులు వేసిన కేసు, విచారణ పద్ధతికి సంబంధించిన ప్రశ్న మీద 2017లో అక్కడి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది.

చివరగా మీకో చిన్న పరీక్ష

ఒకటి: సెకండ్ హ్యాండ్ పీఎస్4 చూడ్డానికి వెళ్ళారు. అమ్మేవాళ్ళు ఇన్‌స్టాల్ అయిన గేమ్ ఆడి చూపించారు. సరిపోతుందా? సరిపోదు. అది డౌన్‌లోడ్ గేమ్ కావొచ్చు. మీ డిస్క్ మీరు తీసుకెళ్ళి పెట్టి, కాపీ పూర్తయ్యేదాకా కూర్చోండి. "డ్రైవ్ మార్చారా? మారిస్తే బోర్డు ఒరిజినలేనా?" అని అడగండి.

రెండు: డీవీడీ సినిమా చక్కగా ఆడుతోంది, గేమ్స్ చదవట్లేదు. షాపులో "మోటార్ పోయింది" అన్నారు. ఒప్పుకుంటారా? మోటార్ పోతే డీవీడీ కూడా ఆడకూడదు. ముందు లెన్స్ శుభ్రం చేయమనండి, తర్వాతే లేజర్ మాట.

మూడు: రాత్రి కరెంటు పోయొచ్చినప్పటి నుంచి ఏ గేమ్ ఇన్‌స్టాల్ చేసినా ఆగుతోంది. డ్రైవ్ ఆర్డర్ పెట్టాలా? ముందు రీబిల్డ్ డేటాబేస్ చేయండి.

ఈ మూడింటికీ మీరు ముందే సరైన జవాబు అనుకుని ఉంటే, షాపులో ఎవరూ మిమ్మల్ని అనవసరంగా డ్రైవ్ కొనిపించలేరు. ఈ పూట ఆట అయిపోయాక డిస్క్ తీసి కేస్‌లో పెట్టండి, కన్సోల్ చల్లారాక గుడ్డ కప్పండి. పత్తి సీజన్‌లో ఆ గుడ్డే డ్రైవ్‌ని ఎక్కువ కాలం కాపాడుతుంది. కన్సోల్ ఆన్ చేసే ముందు మాత్రం తీయడం మర్చిపోకండి.